మాస్టారి కారు వెనక సీటు

మొన్న బాపట్లలో మా కారు వెనక నుంచి ఏదో చప్పుడొస్తోందని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. అతను బానెట్టు ఎత్తలేదు, కిందికి దూరలేదు. డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి, ఒంటి బరువంతా వేసి ఒక్క నొక్కు నొక్కి వదిలేశాడు. కారు లేచింది, దిగింది, మళ్ళీ లేచింది. "చూశారా మేడమ్, ఒక్కసారి లేచి ఆగిపోవాలి. ఇది ఇంకా ఊగుతోందంటే షాకబ్జార్బర్లు పోయినట్టే" అన్నాడు. అతను చెప్పేలోపే నేను లోపల "రెండు" అని లెక్కపెట్టేశాను. ఎందుకు లెక్కపెట్టానో చెప్పాలంటే అతను ఆ పూట పని మానుకుని వినాలి.

ఆ లెక్క నాకు నేర్పినాయన పోయిన వానాకాలంలో చనిపోయారు. నేను రేపల్లె మండలాఫీసులో గుమాస్తాగా పనిచేసిన నాలుగేళ్ళూ, నేనూ మా అమ్మా ఆయన ఇంటి పై వాటాలో అద్దెకున్నాం. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఊరంతా మాస్టారు అనేది, నేనూ అంతే అనేదాన్ని. సన్నగా, పొడుగ్గా, గాలొస్తే చొక్కా మాత్రమే కనపడేలా ఉండేవారు. రిటైరయ్యాక కూడా జేబులో సుద్దముక్క లేకుండా గడప దాటేవారు కాదు.

ఆయనకో కారుండేది. ఒకప్పుడు కలెక్టర్లూ ఎమ్మెల్యేలూ ఎక్కి తిరిగిన రకం, తెల్లగా, గుమ్మడికాయలా గుండ్రంగా. ఇంజను బాగుండేది, బ్రేకులు బాగుండేవి. జబ్బంతా వెనక భాగంలోనే. ఆ కాలపు కార్లకి వెనక బరువు మోసేవి కమాను పట్టీలు. వంచిన ఇనప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన కట్టలు, అటొకటి ఇటొకటి, లారీలకి ఉన్నట్టే. అవి చదునైపోయి కారు వెనక్కి చతికిలబడి ఉండేది.

"మెకానిక్‌కి ఇవ్వచ్చుగా మాస్టారూ" అన్నాను మొదట్లో, ఆయన సంగతి తెలియక.

"ఇస్తే వాడు నా కారు మీద నేర్చుకుంటాడమ్మాయ్. ఆ నేర్చుకునేదేదో నేనే నేర్చుకుంటా" అన్నారు.

కొత్త సామాను కొనడమంటే ఆయన దృష్టిలో పరీక్షలో కాపీ కొట్టడమే. ఉన్నవాటితో జవాబు రాబట్టాలి. అలా రాబట్టే పనిలో ఒకరోజు మా అమ్మ బాత్రూం చెప్పుల్లో ఒకటి మాయమైంది. అమ్మ వీధి కుక్కని అనుమానించి రెండు రోజులు తిట్టింది. మూడో రోజు మాస్టారు కాళ్ళు మాత్రం బయటపెట్టి కారు కింద పడుకుని ఉంటే, పక్కన గుండ్రంగా బిళ్ళలు కోసేసిన నీలం రబ్బరు చెప్పు కనపడింది. పట్టీల చివర ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా రబ్బరు బుష్షులుంటాయట, అవి అరిగిపోయాయట.

"ఏంటి మాస్టారూ, అమ్మ చెప్పు కోసేశారా?"

"చూసే తీసుకున్నానమ్మాయ్" అన్నారు కింద నుంచే. "మీ అమ్మ మడమ కింద నాలుగేళ్ళు నలిగి కూడా చిరగలేదు. అలాంటి రబ్బరు బజార్లో దొరకదు."

మా అమ్మ బరువు గురించి అంత గౌరవంగా మాట్లాడిన మనిషి ఇంకొకరు లేరు. ఆ రెండో చెప్పు నేనేం చేసుకోవాలని అమ్మ మేడ మీద నుంచి అడిగితే, "దాచి ఉంచు చెల్లెమ్మా, కుడి పక్క బుష్షు కూడా ఎక్కువ రోజులు ఆగదు" అన్నారు. అమ్మ నిజంగానే దాచింది.

రిపేరు చేసిన ప్రతిసారీ బరువు పెట్టి చూడాలి. బస్తాలు పనికిరావు, వాటికి నోరు లేదు, ఎలా ఉందో చెప్పవు. కాబట్టి మనుషులు కావాలి. సాయంత్రం పాలు పోయడానికి వచ్చే ఆవిడ, మా అమ్మ, నేను. ముగ్గురం కండ పుష్టి కలవాళ్ళం. ఒక్కొక్కరినే వెనక సీట్లో కూర్చోబెట్టి, బడిలో వాడిన చెక్క స్కేలుతో బంపరు నుంచి నేలకి ఎంతుందో కొలిచేవారు. బరువెంతమ్మా అని హాజరు తీసుకున్నట్టు అడిగేవారు. నేను అరవై రెండన్నాను. ఆయన స్కేలు వైపు వంగి, కళ్ళజోడు సర్దుకుని, "స్కేలు డెబ్బై రెండంటోందమ్మాయ్" అన్నారు. అని ఊరుకున్నారా, సుద్దముక్క తీసి వీధి వైపు గోడ మీద రాశారు: పై వాటా అమ్మాయి 72, చెల్లెమ్మ 78, పాలావిడ 80. ఆ రాత్రే నేను తడిగుడ్డ పెట్టి తుడిచేశాను. పొద్దున లేచేసరికి మంచు పడి చెరిగిందేమోనని ఆయన మళ్ళీ రాసేశారు, ఈసారి అంకెలు పెద్దవిగా.

తర్వాత ముగ్గురినీ ఎక్కించుకుని పెనుమూడి వంతెన దాకా. బయల్దేరే ముందు ప్రార్థన. మాస్టారు క్రైస్తవుల గుడిలో సంఘపెద్ద, మాటలకి కొదవ లేదు. "ప్రభువా, ఈ బండి చక్రాలను, బ్రేకులను, వెనక పట్టీలను, పట్టీలు పట్టుకున్న బోల్టులను నీ చేతికి అప్పగిస్తున్నాం" అని ఒక్కో సామానూ పేరు పెట్టి చెప్పేవారు. గతుకు వచ్చినప్పుడల్లా వెనక్కి తిరక్కుండా "ఎలా ఉంది?" అనేవారు.

"బాగుందండీ మాస్టారూ" అనేవాళ్ళం ముగ్గురం ఒక్క గొంతుతో.

నిజం చెప్పాలంటే బాగానే ఉండేది. ముగ్గురం కలిసి రెండు వందల ముప్పై కిలోలు, అంత బరువు నెత్తిన పెట్టుకుని ఏ కారైనా ఎంత ఎగురుతుంది? బాగా లేకపోయినా మేం అదే మాట అనేవాళ్ళం, అది వేరే సంగతి. పాలావిడ కొడుకులిద్దరికీ లెక్కలు చెప్పిన మాస్టారాయన. ఒకసారి వంతెన దగ్గర నా నాలుక పళ్ళ మధ్య పడింది, ఏదో అనబోయాను. అమ్మ తొడ మీద గిల్లింది. "ఇంత మంచి వాటా మళ్ళీ దొరకదు, బాగుందను" అంది చెవిలో. బాగుందండీ మాస్టారూ అన్నాను. ఆయన సంతోషంగా తలాడించారు.

ఈ అబద్ధం ఎవరి నడుము మీద పడుతోందో అప్పుడు నేను ఆలోచించలేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

ఆయన భార్యని నేను పిన్నిగారూ అనేదాన్ని. తడిసినా నలభై రెండు కిలోలు దాటని మనిషి. గుడిలో హార్మోనియం వాయించేవారు. నడుములో నరం నొక్కుకుపోయి, ఆ మధ్య పది నిమిషాలు కూర్చోలేని స్థితికి వచ్చారు. కూర్చుంటే నడుము, పడుకుంటే కాలు. ఏడాది నుంచి వరసగా ఒక గంట నిద్రపోయింది లేదు. తెనాలిలో డాక్టరు ప్రతి గురువారం వచ్చి వైద్యం చేయించుకోమన్నాడు, కుదుపులు తగలకూడదన్నాడు, ఆర్నెల్లలో తగ్గకపోతే ఆపరేషనే అన్నాడు. ఆపరేషన్ అంటే పిన్నిగారికి చచ్చేంత భయం. వాళ్ళ అక్క అలాంటి బల్ల ఎక్కి మళ్ళీ నడవలేదు.

ఆ గురువారాల కోసమే మాస్టారి తిప్పలన్నీ. ఇంట్లో కారుండగా అద్దె కారు మాటెత్తితే ఆ పూట అన్నం మానేసేవారు. పిన్నిగారు వెనక సీట్లో ఒక్కరే, నడుముకి దిండు పెట్టుకుని కూర్చునేవారు. ముందు సీటు ఖాళీ ఉండేది కాదు. అందులో పనిముట్ల పెట్టె ఉండేది, పడిపోకుండా తాడుతో కట్టి.

"ఎత్తేస్తోందండీ" అనేవారు ఆవిడ తిరిగొచ్చాక, గోడ పట్టుకుని మెట్లెక్కుతూ.

ఎత్తేస్తోందంటే పట్టీల్లో బలం చాలలేదని ఆయన లెక్క. తెనాలిలో పాత ఇనప సామాన్ల కొట్టు నుంచి లారీ పట్టీ ఒకటి తెచ్చి, కోసి, కట్టలో కలిపారు. మమ్మల్ని ఎక్కించారు, బాగుందండీ అన్నాం. ఆవిడ గురువారం వెళ్ళొచ్చి ఇంకా ఎక్కువ ఎత్తేస్తోందన్నారు. ఇంకో పట్టీ పడింది. మళ్ళీ గురువారం, మళ్ళీ అదే మాట. ట్రాక్టరు టైరు కోసి దాని ముక్కొకటి ఇరుసుకీ కారుకీ మధ్య దూర్చారు. పైగా కొల్లూరు వెళ్ళి ఏటి లంక తోటలో అరటిగెల కొని, డిక్కీలో పడుకోబెట్టి తెచ్చి, వాకిట్లో పెట్టి అందరికీ చూపించారు.

"చూడు, ఒక్క కాయ కమల్లేదు."

"నేను గెలనాండీ?" అన్నారు పిన్నిగారు.

ఆ పై గురువారం ఆవిడ కారెక్కనన్నారు. తెల్లారి రైలుకి తెనాలి పోతానని చీర మార్చుకుని కూర్చున్నారు. మాస్టారు స్టేషన్లో దింపి, రైలు కదిలాక, ఖాళీ కారేసుకుని తెనాలి బయల్దేరారు. అక్కడ స్టేషను బయట ఆయన కారు తలుపు తెరిచి పట్టుకుని నిలబడితే, ఆవిడ పక్క నుంచే వెళ్ళి ఆటో ఎక్కారట. ఆటో వెనకాలే ఆసుపత్రి దాకా కారు. మూడు వారాలు అలా సాగింది. నాలుగో వారం రైలు మెట్టు మీద కాలు లేవక ఆవిడ ప్లాట్‌ఫారం మీదే కూలబడ్డారు. ఇక కారు తప్ప గతి లేదు. ఆర్నెల్లలో నాలుగు అప్పటికే అయిపోయాయి.

"ఒక్కసారి మీరు వెనక కూర్చుని చూడండి, అంతే నేనడిగేది" అన్నారు ఆవిడ, నా ఎదురుగానే.

"నేను వెనక కూర్చుంటే బండి ఎవరు నడుపుతారు?" అన్నారు మాస్టారు. ఆయన దగ్గర ఇలాంటి జవాబులకి లోటుండేది కాదు. ఆయన కారు స్టీరింగు ఇంకొకరు ముట్టుకోగా ఎవరూ చూడలేదు.

ఆ ఆదివారం ఇంకో పట్టీ దూర్చబోతే అది జారి ఆయన కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టారు. గురువారం ముందుంది. నేను ఆ మధ్యే తెనాలిలో డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తీసుకున్నాను. ఆఫీసుకి సెలవు పెట్టి, తాళంచెవి ఇమ్మన్నాను. ఆయన నా మొహం చూశారు, కట్టు చూసుకున్నారు, ఇచ్చారు. పిన్నిగారు ముందు సీటు తలుపు తీసి, తాడు విప్పి, "అమ్మాయ్, ఈ పెట్టె ఇంట్లో పెట్టిరా" అన్నారు. పెట్టె ఉన్న చోట ఆవిడ కూర్చున్నారు. మాస్టారికి మిగిలింది వెనక సీటు.

సొంత కారులో చుట్టంలాగా ఒక పక్కకి ఒదిగి కూర్చున్నారు. ప్రార్థనలో ఆ రోజు క్లచ్చునీ, నన్నూ కూడా చేర్చారు. రేపల్లె దాటాక కూడా వెనక నుంచి పాఠం నడిచింది: గేరు మార్చు, అద్దం చూడు, గేదె వస్తోంది. భట్టిప్రోలు బడి ముందు స్పీడు బ్రేకరుంది. నేను మామూలుగానే ఎక్కించాను. వెనక ఠప్పున చప్పుడైంది. అద్దంలో చూస్తే మాస్టారు సీటుకీ కప్పుకీ మధ్యలో ఉన్నారు. కళ్ళజోడు ఎగిరి పిన్నిగారి ఒళ్ళో పడింది. ఆవిడ దాన్ని పైట చెంగుతో తుడిచి వెనక్కి అందించారు.

"ఎలా ఉందండీ?"

మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్నారు. పాఠం ఆగిపోయింది. ఇంకో రెండు గతుకులు దాటాక "ఆపమ్మాయ్" అన్నారు. దిగారు. డిక్కీ మీద బాగున్న చెయ్యి ఆనించి బలమంతా పెట్టి నొక్కారు. కారు అంగుళం కూడా దిగలేదు. కల్వర్టు గోడని నొక్కినట్టే ఉంది. యాభై కిలోల మనిషి, లెక్క ఆయనకి అర్థమైపోయింది. మేం ముగ్గురం కూర్చుంటే సరిపోయేలా కట్టిన కారులో నాలుగు నెలలుగా భార్యని ఒంటరిగా తిప్పారు. ఆవిడ నొప్పి అన్నప్పుడల్లా ఇంకో పట్టీ వేశారు.

"నువ్వు చెబుతూనే ఉన్నావు" అన్నారు తిరిగి ఎక్కుతూ.

"చెబుతూనే ఉన్నాను" అన్నారు పిన్నిగారు.

"వాళ్ళు ముగ్గురూ బాగుందన్నారు."

"వాళ్ళు మీరంటే గౌరవం ఉన్నవాళ్ళు. నాకు నడుం నొప్పి ఉంది."

నాకు అద్దంలోకి చూడబుద్ధి కాలేదు. వచ్చే స్పీడు బ్రేకరు దగ్గర బాగా నెమ్మది చేశాను. వెనక నుంచి మాస్టారు, "నెమ్మదిగా వద్దమ్మాయ్. నేను ఎంత స్పీడు మీద తీసుకెళ్ళేవాణ్ణో అంతే పోనివ్వు" అన్నారు.

ఆయన నిజంగానే అంటున్నారు. పిన్నిగారు రోడ్డు వైపే చూస్తూ, "నెమ్మదిగానే పోనివ్వవే. ఇద్దరం నడుములు పట్టుకు కూర్చుంటే కాఫీ ఎవరు కాస్తారు?" అన్నారు.

తిరిగి బయల్దేరే ముందు ఆయన ప్రార్థనకి తల వంచగానే నేను బోల్టుల దాకా వినడానికి సిద్ధపడి కళ్ళు మూసుకున్నాను. "ప్రభువా, నేను వినలేదు" అన్నారు మాస్టారు. ఇంకేదో వస్తుందని ఆగాం. రాలేదు. పిన్నిగారే ఆమేన్ అన్నారు.

ఆ మర్నాటి నుంచి కలిపిన పట్టీలు ఒక్కొక్కటే బయటికి రావడం మొదలైంది. ఆయనకి ఒక్క చెయ్యే పనిచేస్తోంది, కాబట్టి స్పానరు పట్టింది నేను. ఆఫీసు నుంచి వచ్చి చీర కొంగు బిగించి కారు కింద దూరితే, ఎదురింటివాళ్ళు కుర్చీలు వేసుకుని చూసేవాళ్ళు. ఒక పట్టీ తీయడం, ఆయన వెనక కూర్చోవడం, నేను రైల్వే గేటు దాకా నడిపి తీసుకురావడం. "ఎలా ఉంది మాస్టారూ?" అని అడిగేది ఇప్పుడు నేను. "బాలేదు" అనేవారు ఖండితంగా. ఆ ఒక్క మాట ఇన్నాళ్ళూ ఒక్కరమూ అనలేదు. ట్రాక్టరు టైరు ముక్క బయటికొచ్చింది. మా అమ్మ చెప్పు మాత్రం ఉండిపోయింది, అది నిజంగానే మంచి రబ్బరు. చివరికి, బతుకులో మొదటిసారి, తెనాలి నుంచి రెండు కొత్త షాకబ్జార్బర్లు కొని తెచ్చి, పిన్నిగారికి కనపడకుండా సంచీలో దాచి పెట్టారు. అవి బిగించాక డిక్కీ నొక్కి వదిలితే కారు ఒక్కసారి లేచి ఆగిపోయింది. "ఒకటి" అన్నాం ఇద్దరం. గోడ మీద మా ముగ్గురి బరువులూ ఆయనే తుడిచేసి, 42 అని ఒక్క అంకె రాశారు.

ఆవిడ ఆపరేషన్ లేకుండానే బయటపడ్డారు, కానీ అది తర్వాతి సంగతి. నాకు జ్ఞాపకం ఉండిపోయింది కట్టు విప్పాక మొదటి గురువారం. మాస్టారు నడుపుతున్నారు. చెయ్యి నొప్పెడితే మార్చుకోవడానికి పక్కన నేను. పెట్టె ఇంట్లో ఉంది. పిన్నిగారు వెనక ఒక్కరే, దిండుతో. భట్టిప్రోలు స్పీడు బ్రేకరు దాటాక "ఎలా ఉంది?" అని అడిగారు. "ఉందిలెండి" అన్నారు ఆవిడ. వేమూరు దాటాక గట్టి గతుకొకటి వచ్చింది. "ఇప్పుడెలా ఉంది?" అన్నారు. జవాబు రాలేదు. అద్దంలో చూసి ఆయన మాట్లాడటం మానేశారు. నేను వెనక్కి తిరిగాను. పిన్నిగారు తల వెనక్కి వాల్చి, కళ్ళజోడు ముక్కు మీదికి జారి, నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతున్నారు.

తెనాలి వచ్చింది. ఆసుపత్రి గేటు వచ్చింది. పది నిమిషాలు ఆలస్యమైతే కేకలేసే డాక్టరు. కారు ఆగలేదు.

"మాస్టారూ, ఆసుపత్రి దాటిపోయింది" అన్నాను గుసగుసగా.

"ఆపితే లేస్తుందమ్మాయ్."

సిగ్నలు దగ్గర కూడా పూర్తిగా ఆపకుండా నాలుగేసి అంగుళాలు జరుపుతూ నడిపారు. హారన్ ముట్టుకోలేదు. వెనకవాళ్ళు తిడుతుంటే అద్దంలోంచి దణ్ణం పెట్టారు. ఊరు దాటాం. పొన్నూరు రోడ్డెక్కాం. పెట్రోలు ముల్లు కింది గీత దగ్గర వణుకుతోంది.

"నాకు మధ్యాహ్నం ఆఫీసుందండీ."

"లీవు లెటరు నేను రాసిస్తా" అన్నారు, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా. ఆయన కళ్ళజోడు కింద నుంచి చెంప మీదికి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి స్టీరింగు వదలడం లేదు. నాకూ ఏడుపొచ్చింది, ముక్కు ఎగబీల్చితే చప్పుడవుతుందని పైట అడ్డం పెట్టుకున్నాను. పొన్నూరు వెళ్ళిపోయింది. గంటన్నర అయింది. బాపట్ల ఊరి మొదట్లో రైల్వే గేటు వేసి ఉంది, అక్కడ ఆపక తప్పలేదు.

కారు ఆగగానే పిన్నిగారు కదిలారు. కళ్ళజోడు సర్దుకుని, కిటికీలోంచి అటూ ఇటూ చూశారు.

"ఏవండీ, తెనాలి ఇంకా రాలేదా?"

మాస్టారు నా వైపు ఒకసారి చూసి, వెనక్కి తిరక్కుండానే, "ఇంకా చాలా దూరముంది, పడుకో" అన్నారు.